‘ఒక్కో బ్యాటింగ్‌కి తొంభై డాలర్లు’ అన్నాను, వాడు విన్నాడు

డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న ఒక సబర్బ్ నుంచి ఒక తండ్రి రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. సొంతూరు తెనాలి దగ్గర పల్లె, వయసు నలభై రెండు, హెచ్‌1బి మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్య, పదకొండేళ్ళ కొడుకు, ఎనిమిదేళ్ళ కూతురు. ఆరు పేజీల ఉత్తరానికి ఒక ఎక్సెల్ షీటు కూడా జత చేశారు. కుదించి ఇస్తున్నాను.

కొడుకు ఏడేళ్ళప్పుడు పక్కింటి పిల్లాడితో కలిసి ఊరి రెక్ లీగ్‌లో, అంటే సరదాకి ఆడుకునే స్థానిక లీగ్‌లో, బేస్‌బాల్‌కి చేరాడు. సీజన్‌కి 180 డాలర్లు, టోపీ, టీషర్టు వాళ్ళే ఇచ్చారు. మూడేళ్ళ తర్వాత ఒక కోచ్ చూసి, పిల్లాడి చెయ్యి బాగుంది, ఊరూరా తిరిగి టోర్నమెంట్లు ఆడే మా ట్రావెల్ టీమ్ ట్రైఅవుట్‌కి తీసుకురండి అన్నాడు. సెలెక్టయ్యాడు. ఇంట్లో పాయసం వండుకున్నారు. ఆ రోజు చెప్పిన ఫీజు ఏడాదికి 2,600 డాలర్లు.

మొన్న జూలైలో ఆయన కూర్చుని ఏడాది లెక్క వేశారు. ఫీజు 2,600. యూనిఫాంలు, బ్యాగు 450. రెండు బ్యాట్లు 800. అరగంటకి 60 డాలర్ల చొప్పున ప్రైవేట్ లెసన్లు 2,100. బయటి ఊళ్ళలో ఐదు టోర్నమెంట్లకి హోటళ్ళు 2,700. తల్లిదండ్రులు లోపలికి వెళ్ళడానికి గేటు టికెట్లే 600. కారు గ్యాసు, తిండి 1,900. మొత్తం 11,150. క్రెడిట్ కార్డు మీద 7,400 బాకీ పేరుకుంది. ఈ సంగతి భార్యకి తెలీదు. ఏప్రిల్‌లో తెనాలిలో అమ్మకి మోకాలి ఆపరేషన్ అయితే ఈయన సగమే పంపగలిగారు. మిగతా సగం అన్నయ్య పెట్టుకున్నాడు. “అన్నయ్య ఒక్క మాట కూడా అనలేదు అక్కా, అదే ఎక్కువ గుచ్చుకుంటోంది” అని రాశారు.

ఇప్పుడు ఆగస్టులో మళ్ళీ ట్రైఅవుట్లు. వచ్చే ఏడు పిల్లాడు 12యు, అంటే పన్నెండేళ్ళ లోపు జట్టు. క్లబ్బు పై జట్టులోకి తీసుకుంటామని కోచ్ మాటవరసకి చెప్పాడు. ఫీజు 3,800. వేసవిలో ఒక వారం న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో టోర్నమెంటు. విమానాలు, అద్దె ఇంట్లో వాటా, పిల్లాడి క్యాంపు ఫీజు అన్నీ కలిపి కుటుంబానికి మరో 4,500 దాకా అవుతుందని ఈయన అంచనా. ఆఫర్ వచ్చాక 48 గంటల్లో సంతకం పెట్టాలి. “కాలేజీ స్కాలర్‌షిప్ వస్తే ఇదంతా తిరిగొచ్చేస్తుంది” అన్నాడట కోచ్.

భార్య మొదటి ఆరేళ్ళు డిపెండెంట్ వీసా మీద ఇంట్లోనే ఉన్నారు. మాట్లాడే మనిషి లేక బాగా డల్ అయిపోయారట. నిరుడు వర్క్ పర్మిట్ వచ్చింది, ఉద్యోగం ఇంకా దొరకలేదు. ఈ జట్టు తల్లులే ఆవిడకి స్నేహితులు. ఫోన్ యాప్‌లో స్కోరు రాసేది ఆవిడే. బేస్‌బాల్ రూల్స్ భర్తకంటే బాగా నేర్చుకున్నారు. ఐస్ బాక్సులో ఆవిడ తెచ్చే పులిహోర కోసం మిగతా తల్లులు “ఎల్లో రైస్ తెచ్చావా” అని అడుగుతారు. కూతురు మాత్రం శనివారం కూచిపూడి క్లాసు మానేసింది. శనివారాలన్నీ గ్రౌండులోనే.

ఇక అసలు సంగతి. మే నెలలో ఒక టోర్నమెంటులో జట్టు తొందరగా ఓడిపోయింది. పిల్లాడు రెండు రోజుల్లో ఆరుసార్లు బ్యాటింగ్ చేశాడు, ఒక్క హిట్టూ లేదు. తిరిగొచ్చేటప్పుడు కార్లో ఈయన నోరు జారారు: “ఈ వీకెండ్ 540 అయింది. ఒక్కో బ్యాటింగ్‌కి తొంభై డాలర్లు.” వెనక సీట్లో పిల్లాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు, కానీ పాట మోగడం లేదు. ఆ రోజు నుంచి స్ట్రైకవుట్ అయినప్పుడల్లా వాడు కోచ్ వైపు కాక స్టాండులో తండ్రి వైపు చూస్తున్నాడు.

“ఆపేద్దామంటే నా భార్యకి ఉన్న నలుగురు మనుషులు పోతారు. కొనసాగిస్తే మేం మునుగుతాం. ఏం చెయ్యమంటారు అక్కా?”

తమ్ముడూ,

మీ షీటులో కూడిక తప్పు లేదు. తప్పల్లా అది జూలైలో తయారవడం, సంవత్సరం అయిపోయాక. ఖర్చు పెడుతున్నప్పుడు మీ కళ్ళ ముందున్న అంకె ఎప్పుడూ 2,600 ఒక్కటే. మిగతాదంతా ఒకసారి అరవై, ఒకసారి పదిహేను, ఒకసారి నూట నలభై అంటూ చాప కింద నీరులా వచ్చింది. శుక్రవారం రాత్రి పదింటికి నిద్రపోయిన పిల్లని భుజాన వేసుకుని హోటల్ కౌంటర్‌లో కార్డు ఇచ్చేటప్పుడు ఏడాది మొత్తం ఎవరికి గుర్తుంటుంది? ఆస్పెన్ ఇన్‌స్టిట్యూట్ సర్వే ప్రకారం 2024లో అమెరికాలో ఒక కుటుంబం పిల్లాడి ముఖ్యమైన ఆట మీద సగటున 1,016 డాలర్లు పెట్టింది. 2019తో పోలిస్తే అదే 46 శాతం ఎక్కువ. మీరు పెట్టింది దానికి పదకొండు రెట్లు. మిమ్మల్ని సిగ్గుపడమని చెప్పడం లేదు. మీ డగౌట్ (జట్టు కూర్చునే చోటు) వెనక గొడుగుల కింద కూర్చున్న వాళ్ళలో మీలాగే కార్డు మీద నెట్టుకొస్తున్న వాళ్ళు తప్పకుండా ఉంటారు. ఎవరూ బయటపడరు, అంతే.

స్కాలర్‌షిప్ మాట ముందు తేల్చేద్దాం. మీరు ఉత్తరంలో ఆ మాట మూడుసార్లు రాశారు, మూడుసార్లూ నమ్మనట్టుగానే రాశారు. కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ సొంత అంచనా ప్రకారం హైస్కూల్లో బేస్‌బాల్ ఆడే అబ్బాయిల్లో నూటికి ఏడుగురు ఏదో ఒక స్థాయిలో కాలేజీకి ఆడతారు. అన్నిటికన్నా పై స్థాయి, డివిజన్ వన్‌కి వెళ్ళేది నూటికి ఇద్దరు. ఈ లెక్క హైస్కూలు జట్టులో ఉన్నవాళ్ళలో, పదకొండేళ్ళ పిల్లల్లో కాదు. డివిజన్ త్రీ కాలేజీలు ఆట కోసం స్కాలర్‌షిప్పే ఇవ్వవు. డివిజన్ వన్‌లో ఏళ్ళ తరబడి జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే పాతిక మందికి పైగా ముక్కలు చేసి పంచేవారు. 2025 నుంచి రూలు మారింది. కోర్టు కేసులో కుదిరిన కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీలకి ఆ పరిమితి పోయింది గానీ జట్టులో 34 మందికి మించి ఉండకూడదు. అంటే డబ్బుకి తలుపు కాస్త తెరుచుకుంది, మనుషులకి ఇరుకైంది. మీరు ఇప్పుడు పెడుతున్నట్టే ఏటా పదకొండు వేలు ఏడేళ్ళు పెడితే 77 వేల డాలర్లు. ఆ డబ్బు కాలేజీ కోసమే అయితే నేరుగా కాలేజీ ఖాతాలోనే వేసుకోవచ్చు.

నేను ఇంత కటువుగా చెప్పడానికి కారణం ఉంది. పెట్టుబడి అనుకున్నంతకాలం ఈ ఖర్చుకి హద్దు దొరకదు. మన గుంటూరు వైపు మిర్చి వేసిన వాళ్ళని అడగండి. తెగులు వచ్చిన చేనుకి ఇంకో మందు కొడితే నిలబడుతుందేమో అని కొడుతూనే ఉంటారు, పెట్టింది పోతుందన్న భయంతో. పై జట్టు, మంచి కోచ్, ఇంకో లెసన్ కూడా అలాగే వస్తాయి. దీన్ని ఈ ఏడాదికి కొనుక్కుంటున్న సరదాగా చూడండి. మీ అబ్బాయికి ఎర్రమట్టిలో జారి బేస్ అందుకోవడం ఇష్టం. డగౌట్‌లో పొద్దుతిరుగుడు గింజలు నమిలి ఉమ్ముకుంటూ స్నేహితులతో అరవడం ఇష్టం. అది కొనదగ్గ వస్తువే. సరదా అన్నాక మాత్రం ఎంతలో అని అడగొచ్చు, మన దగ్గర ఎంత ఉందో అంతలో తెచ్చుకోవచ్చు.

ఇక కారులో అన్న మాట. ఉత్తరం చివర, అప్పుడే గుర్తొచ్చినట్టు రాశారు. నాకు ఉత్తరమంతా అదే అనిపించింది. స్ట్రైకవుట్ అయిన పిల్లాడు స్టాండు వైపు చూడటం మొదలుపెడితే వాడు బంతిని చూడటం తగ్గించాడన్న మాట. పది ప్రయత్నాల్లో ఏడుసార్లు విఫలమైనవాణ్ణి కూడా మంచి బ్యాటర్ అనే ఆట ఇది. దానికి రేటు కట్టాక ఏ పిల్లాడూ బ్యాటు ధైర్యంగా తిప్పలేడు. దీన్ని సరిచేయడానికి పైసా ఖర్చు లేదు. వాడితో ఒంటరిగా ఉన్నప్పుడు, కారులోనే అయితే ఇంకా మంచిది, చెప్పండి: “ఆ రోజు డబ్బు సంగతి తీశాను. డబ్బు నా టెన్షన్. అమ్మా నేనూ చూసుకుంటాం. నువ్వు హిట్ కొట్టినా కొట్టకపోయినా హోటల్ వాడు అంతే తీసుకుంటాడు.” నవ్వితే నవ్వుతాడు. అక్కడితో వదిలెయ్యండి. ఉపన్యాసం వద్దు.

అలాగని పిల్లాడి దగ్గర డబ్బు మాటే ఎత్తొద్దని కాదు. పదకొండేళ్ళవాడికి “ఈ ఏడు ఇంత పెట్టగలం, ఇందులో నీకు ఏది ముఖ్యం” అన్నది అర్థమవుతుంది. వాణ్ణి అడగండి. మీరు ఇంతవరకు అడగలేదని ఉత్తరం చూస్తే తెలుస్తోంది. పై జట్టు కావాలంటాడా, ఫలానా ఇద్దరు స్నేహితులున్న జట్టు చాలంటాడా, కూపర్స్‌టౌన్ ఒక్కటీ ఉంటే చాలంటాడా? మా ఇంట్లో ఈత పోటీల కాలంలో నేను ఇదే అడిగితే మా అమ్మాయి ఇచ్చిన జవాబు: “హోటల్లో వాఫుల్ మిషన్ ఉండాలి.” పోటీల గురించి ఒక్క మాట లేదు.

మీ ఆవిడతో మాట్లాడటం అన్నిటికన్నా కష్టం. దానికి ముందే ఏ ఆలోచన చేసినా గాల్లో మేడే. ఆవిడ ముందు ఎక్సెల్ షీటు పెట్టి మొదలుపెట్టకండి. “చూశావా ఎంత తగలేశామో” అన్నట్టు వినిపిస్తుంది, స్కోరు రాసే ఫోను, పులిహోర డబ్బా అన్నీ నేరాల్లా కనిపిస్తాయి. మీ తప్పుతో మొదలుపెట్టండి: కార్డు మీద 7,400 ఉంది, నీకు చెప్పలేదు. అది మీ ఇద్దరి మధ్య ఉన్న అబద్ధం. బేస్‌బాల్ పేరు చెప్పి దాన్ని దాటెయ్యకండి. వడ్డీ ఏడాదికి 22 శాతం అనుకుంటే నెలకి 135 డాలర్లు ఊరికే పోతున్నాయి, రెండు లెసన్లకి పైనే. పైగా మీరు హెచ్‌1బి మీద ఉన్నారు. ఉద్యోగం పోతే చేతిలో ఉండేది అరవై రోజులు. ఆ అరవై రోజులకి సరిపడా డబ్బు పక్కన లేకుండా బాకీ మోయడం మామూలు ఉద్యోగికంటే మీకు ప్రమాదం. ఆవిడకి ఈ లెక్క మీకంటే వేగంగా అర్థమవుతుంది. స్కోరు పుస్తకం రాసే మనిషి.

ఆవిడ స్నేహాల గురించి ఒక మాట. మీరు “నలుగురు మనుషులు” అన్నారు, చిన్నగా తీసేయలేదు, సంతోషం. కానీ ట్రావెల్ జట్లు ఏటా ఆగస్టులో చెదిరిపోతాయి. ఈ నలుగురిలో ఇద్దరి పిల్లలు వచ్చే ఏడు వేరే జట్టుకి పోవచ్చు, మీరు ఎంత కట్టినా సరే. ఉండే స్నేహమైతే జట్టు మారినా ఉంటుంది, ఉండనిది అదే జట్టులోనూ పలచబడుతుంది. ఆ నలుగురినీ ఒక ఆదివారం ఇంటికి భోజనానికి పిలవండి, బేస్‌బాల్ లేకుండా. ఏది ఏదో ఆవిడకే తెలుస్తుంది.

ఇప్పుడు దారులు. నాకు కనిపించినవి మూడు, ఏదీ సుఖమైంది కాదు.

పై జట్టు, కూపర్స్‌టౌన్ రెండూ ఒప్పుకుంటే ఫీజు, ఆ వారం కలిపి 8,300. దాని మీద హోటళ్ళు, గేటు, గ్యాసు ఎలాగూ ఉంటాయి. లెసన్లు కూడా సాగితే పదిహేను వేలు దాటుతుంది. కూపర్స్‌టౌన్‌ని తక్కువ చెయ్యను. 1939 నుంచి బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న చిన్న ఊరు అది. వేసవంతా వారం వారం దేశం నలుమూలల నుంచి పన్నెండేళ్ళ జట్లు దిగుతాయి. పిల్లలు జట్టుతో కలిసి బంక్ మంచాల మీద పడుకుని, ప్రతి జట్టూ చేయించుకున్న బుల్లి బ్యాడ్జీలు ఒకరితో ఒకరు మార్చుకుంటూ తిరుగుతారు. కొందరికి ఆటకన్నా ఆ బ్యాడ్జీల బేరమే గుర్తుండిపోతుంది. ఆ వయసులో తప్ప మళ్ళీ రాదు. దాన్ని ఇంట్లో పెళ్ళిలా, ఒక్కసారి ఖర్చుగా చూసి, మిగతా ఏడాదంతా కోసుకుని వెళ్ళే కుటుంబాలున్నాయి. లెసన్లు సున్నా, కొత్త బ్యాటు లేదు, ఇంకే ఊరూ లేదు, నలుగురికి బదులు ఒక్కరే వెంట వెళ్ళడం. అలా చెయ్యగలిగితే చెయ్యండి. చెయ్యలేకపోతే వచ్చే జూలైకి కార్డు బాకీ రెట్టింపవుతుంది, నోరు జారే వీకెండ్లు పెరుగుతాయి. పై జట్టులో మీవాడు తొమ్మిదో, పదో బ్యాటర్‌గా బెంచీ మీద ఎక్కువసేపు కూర్చోవచ్చు కూడా. కోచ్‌ని సూటిగా అడగండి: మా వాణ్ణి ఏ స్థానంలో ఆడిస్తారు?

రెండో దారి, డల్లాస్ చుట్టుపక్కలే ఆడే జట్టు. మీకు ఉన్న అదృష్టం ఏమిటంటే గంట దూరంలోనే దాదాపు ప్రతి వారం టోర్నమెంటు ఉంటుంది. దేశంలో చాలా చోట్ల అది లేదు. మీ షీటులోని అంకెలతోనే వేస్తున్నాను: ఫీజు 2,600, యూనిఫాం 450, గేటు 600, గ్యాసు తిండి సగానికి పడి 900, ముగ్గురు నలుగురు పిల్లలు కలిసి తీసుకునే లెసన్లకి 600. మొత్తం 5,150. హోటల్ లేదు, కొత్త బ్యాట్ లేదు. నిరుటి ఖర్చులో సగం కూడా కాదు. నష్టాలూ ఉన్నాయి. ఇలాంటి జట్లలో కోచ్ తండ్రే అవుతాడు చాలాసార్లు, ఫీల్డింగ్‌లో అందరూ కోరే షార్ట్‌స్టాప్ స్థానం ఆయన కొడుక్కే దక్కుతుంది. దాన్ని ఇక్కడ డాడీ బాల్ అంటారు, మీరు వినే ఉంటారు. పిల్లాడికి కింది తరగతిలో వేసినట్టు అనిపించి ఒక నెల ముఖం మాడ్చుకోవచ్చు.

మూడోది, తిరిగి రెక్ లీగ్, వేసవిలో ఆల్‌స్టార్స్ (లీగ్‌లో బాగా ఆడేవాళ్ళని ఏరి కట్టే జట్టు). అన్నిటికన్నా చవక. కూతురి శనివారం కూడా తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. పిల్లల బేస్‌బాల్ సంస్థ లిటిల్ లీగ్ పద్ధతిలో నడిచే లీగుల్లో ప్రతి పిల్లాడినీ ఆడించి తీరాలన్న రూలుంది, బెంచీ గొడవ తక్కువ. కానీ మీవాడికి ఎదురొచ్చే పిచర్లు నెమ్మదిగా వేస్తారు, విసుగు పుట్టొచ్చు. ఒక మెలిక కూడా ఉంది: మీరు కొన్న రెండు బ్యాట్ల మీద ముద్ర చూడండి. ట్రావెల్ బాల్‌లో వాడే యూఎస్‌ట్రిపుల్‌ఎస్‌ఏ ముద్ర బ్యాట్లు లిటిల్ లీగ్‌లో చెల్లవు. 2018 నుంచి అక్కడ యూఎస్‌ఏ బేస్‌బాల్ ముద్ర ఉండాలి. నాలుగు వందలు పెట్టి కొన్నది మూలన పడుతుంది, లేదా అమ్ముకోవాలి. వాడిన సామాన్ల దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళున్నారు. మీరు కొనేటప్పుడూ అక్కడే చూడండి. గ్లవ్ అయితే వాడినదే మెత్తబడి చేతికి బాగుంటుంది. కాంపోజిట్ (కార్బన్ ఫైబర్) బ్యాటు మాత్రం పాతది కొంటే సన్న పగుళ్ళుంటాయేమో వెలుతుర్లో తిప్పి తిప్పి చూసుకోవాలి.

ఒక్క ఏడాది రెక్ ఆడితే వెనకబడిపోతాడన్న భయం మీ ఉత్తరంలో ఉంది. ట్రైఅవుట్లు ఏటా ఉంటాయి, తలుపు మూసుకుపోదు. ఇంకోటి, లిటిల్ లీగ్‌లో బేసుల మధ్య దూరం 60 అడుగులు, బ్యాటర్ నుంచి పిచర్ నిలబడే చోటు 46 అడుగులు. హైస్కూలుకి వచ్చేసరికి బేసులు 90 అడుగులు, పిచింగ్ అరవై అడుగుల ఆరంగుళాలు. ఈ మధ్యలోనే పిల్లల ఎత్తు, బలం మారిపోతాయి. పన్నెండేళ్ళకి అందరికన్నా పొడుగ్గా ఉండి హోమ్ రన్లు కొట్టినవాడు పద్నాలుగుకి మామూలైపోవడం, బక్కవాడు దూసుకురావడం మామూలే. పన్నెండేళ్ళ జట్టు పేరు చూసి హైస్కూలు కోచ్ ఎవర్నీ తీసుకోడు. కాకపోతే మీరుండే పెద్ద సబర్బన్ స్కూళ్ళలో పోటీ తీవ్రంగానే ఉంటుంది, ఎక్కడో ఒకచోట ఆడుతూ ఉండటం మాత్రం అవసరం.

పిల్లాడి చెయ్యి గురించి కూడా చూడండి. మీవాడు పిచింగ్ కూడా చేస్తాడన్నారు, లెసన్లు చలికాలంలోనూ ఆగలేదన్నారు. ఏడాదికి ఎనిమిది నెలలకు మించి పోటీల్లో పిచింగ్ చేసిన కుర్రాళ్ళకి మోచేతికో భుజానికో ఆపరేషన్ దాకా వెళ్ళే అవకాశం ఐదు రెట్లని 2006లో వచ్చిన పరిశోధన చెప్పింది. మేజర్ లీగ్ వాళ్ళు, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి పెట్టిన పిచ్ స్మార్ట్ మార్గదర్శకాలు ఈ వయసు పిల్లల్ని ఏడాదికి కనీసం నాలుగు నెలలు పిచింగ్‌కి దూరంగా ఉంచమంటున్నాయి. లిటిల్ లీగ్‌లో పదకొండు, పన్నెండేళ్ళవాళ్ళకి రోజుకి 85 పిచ్‌లే, అంటే విసిరే బంతులే, హద్దు, 66 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. కొన్ని ట్రావెల్ టోర్నమెంట్లలో పిచ్‌ల లెక్క కాక ఇన్నింగ్స్ లెక్కే చూస్తారు. కాబట్టి లెక్క పెట్టాల్సింది మీరే, మీ ఆవిడ యాప్‌లో ఎలాగూ ఉంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా లెసన్లు ఆపడం డబ్బు కోసం కూడా, చేతి కోసం కూడా. ఆ నాలుగు నెలలు వాడు బాస్కెట్‌బాల్ ఆడుకున్నా, సైకిలు తొక్కినా మంచిదే. మిగతా రోజుల్లో గరాజ్‌లో ఒక నెట్టు, బంతి నిలబెట్టి కొట్టే టీ స్టాండు, బకెట్ బంతులు చాలు. మీరు క్రికెట్ చేత్తో విసిరినా పర్వాలేదు, స్వింగ్ నేర్పడానికి మాత్రం పూనుకోకండి.

ఏ జట్టయినా సంతకానికి ముందు అడగాల్సినవి ఉన్నాయి, 48 గంటలు మొదలయ్యాక కాదు, ట్రైఅవుట్ రోజే. ఫీజులో టోర్నమెంటు ఎంట్రీలు, యూనిఫాం కలిసి ఉన్నాయా? బయటి ఊళ్ళు ఎన్ని, ఏవి? వాటిలో స్టే టు ప్లే ఎన్ని, అంటే వాళ్ళు చెప్పిన హోటల్లోనే దిగాలన్న షరతున్నవి? మధ్యలో మానేస్తే, దెబ్బ తగిలితే డబ్బు వెనక్కొస్తుందా? నెలవారీ కట్టొచ్చా? ఫీజు తగ్గింపు ఉందా? ఆఖరిది అడగడానికి మన నోరు రాదు, చిన్నతనం అనిపిస్తుంది. చాలా క్లబ్బుల్లో ఒకరిద్దరికి తగ్గింపు ఉంటుంది, అడిగినవాళ్ళకే ఉంటుంది. స్కోరు రాయడం, మైదానం సిద్ధం చెయ్యడం లాంటి పనులకి బదులు ఫీజులో కొంత తగ్గిస్తారేమో కూడా కనుక్కోండి. మీ ఆవిడ ఇన్నాళ్ళుగా ఆ పని ఊరికే చేస్తున్నారు!

బయటి ఊరు తప్పనప్పుడు ఇద్దరిలో ఒకరే వెళ్ళండి, వంతులవారీగా. ఇంకో కుటుంబంతో కారు పంచుకోండి. కూతురు ఇంట్లో ఉంటుంది, కూచిపూడికి వెళ్తుంది. ఎనిమిదేళ్ళ పిల్ల ఒక ఏడాదంతా మడత కుర్చీలో హోంవర్క్ చేసుకుంటూ అన్న ఆట చూసింది. మీ షీటులో దానికి గడి లేదు.

ఇంకో చిన్న సంగతి. మీ ఆవిడకి ఉద్యోగం వచ్చాక, పదమూడేళ్ళ లోపు పిల్లల పగటి క్యాంపుల ఖర్చు పన్ను పడకుండా జీతంలోంచి పక్కన పెట్టుకునే డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ ఖాతాలోంచి కట్టుకోవచ్చు. బేస్‌బాల్ డే క్యాంపు అయినా సరే. రాత్రి ఉండే క్యాంపులకీ, జట్టు ఫీజులకీ, లెసన్లకీ కుదరదు. తెలుగు సంఘాలకి ఇచ్చే విరాళాలకి జోడీగా కంపెనీ ఇచ్చే మ్యాచింగ్ డబ్బు తెచ్చుకుంటాం కదా, అలాగే లాభాపేక్ష లేని రెక్ లీగ్‌లో మీరు వాలంటీరుగా పెట్టిన గంటలకి కొన్ని కంపెనీలు ఆ లీగ్‌కి డబ్బిస్తాయి. మీ హెచ్‌ఆర్ పేజీలో చూడండి. అది మీ జేబులోకి రాదు గానీ లీగ్ వాళ్ళ దగ్గర మాట చెల్లుతుంది.

నన్ను అడిగితే, నా మొగ్గు రెండో దారి వైపు, కూపర్స్‌టౌన్ లేకుండా. కానీ మీ అబ్బాయి కళ్ళు కూపర్స్‌టౌన్ పేరు వినగానే ఎలా వెలుగుతాయో నేను చూడలేదు, మీరు చూశారు. కార్డు బాకీ సంగతి తెలిశాక మీ ఆవిడ ఏమంటారో కూడా నాకు తెలీదు. ముగ్గురూ కూర్చున్నాక నా మొగ్గు పక్కన పెట్టెయ్యండి.

ఈ మూడింటిలో ఏది తీసుకున్నా, మీ అన్నయ్యకి ఇవ్వాల్సిన మిగతా సగాన్ని మాత్రం ఆ లెక్కలో కలపొద్దు. ఎన్ని నెలలు పడుతుందో ఆయనకి ఫోన్ చేసి చెప్పండి, మొదటి వాయిదా ఈ నెల జీతంలోంచే పంపండి.